ఆస్తి ఒక అమానతు: వసీయత్, వారసత్వం, వృద్ధ తల్లిదండ్రుల సేవ

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాలకు ప్రభువు, పోషకుడు అయిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆకాశాలలోనూ భూమిలోనూ ఉన్న సమస్తానికి నిజమైన యజమాని ఆయనే. మన చేతిలో ఉన్నదంతా కొంతకాలానికి ఆయన అప్పగించిన అమానతు మాత్రమే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

సోదర సోదరీమణులారా! ముందుగా మాకూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా హితవు చెప్పుకుంటున్నాము. దైవభీతి నమాజులో ఎంత అవసరమో, ఇంటి పత్రాలపై సంతకం చేసేటప్పుడు కూడా అంతే అవసరం.

నేటి అంశాన్ని ఉహద్ యుద్ధానంతరం జరిగిన ఒక సంఘటనతో ప్రారంభిద్దాము. ఆ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (ర) అమరులయ్యారు. ఆయన వెనుక భార్య, ఇద్దరు కుమార్తెలు మిగిలారు. ఆనాటి ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తినంతటినీ స్వాధీనం చేసుకున్నాడు. ఆ వితంతువు ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఆస్తి లేకపోతే ఈ బిడ్డల వివాహాలు ఎలా జరుగుతాయని మొరపెట్టుకున్నది. ఈ విషయంలో అల్లాహ్ తీర్పు ఇస్తాడని ఆయన (స) సమాధానమిచ్చారు. అనంతరం వారసత్వ ఆయతు అవతరించింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కుమార్తెలిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వవలసిందిగా, మిగిలినది తాను తీసుకోవలసిందిగా ఆదేశించారు. అంటే ఆస్తిని 24 భాగాలు చేస్తే 16 భాగాలు కుమార్తెలకు, 3 భాగాలు భార్యకు, 5 భాగాలు సోదరునికి చెందాయి.

సోదరులారా! ఈ సంఘటనను గమనించండి. వారసత్వ శాసనం బలవంతుని వాదన విని రాలేదు. ఒక వితంతువు, ఇద్దరు అనాథ బాలికల మొర మీద వచ్చింది. నేడు మన ఇళ్ళలో ఒక తండ్రి కన్నుమూసిన తరువాత ఆ స్త్రీ వలె ఎవరైనా తమ హక్కు కోసం గడప గడపకూ తిరుగుతున్నట్లయితే, మనం ఆ ఆయతును పఠించాము గాని పాటించలేదన్నమాట.

ఒక ఇంటి సంగతి

మన ప్రాంతంలో ఎన్నో ఇళ్ళకు వర్తించే ఒక ఇంటి సంగతి చెబుతాము. పేర్లతో మనకు పని లేదు. ఒక తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆరేళ్ళు మంచం మీద ఉన్నాడు. పెద్ద కుమారులిద్దరూ వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. గల్ఫ్‌లో పని చేస్తున్న చిన్న కుమారుడు ఆ ఉద్యోగం వదులుకొని తిరిగివచ్చాడు. అతడు, అతని భార్య ఆ ఆరేళ్ళూ తండ్రికి స్నానం చేయించారు, పక్క మార్చారు, మందులు వేశారు, రాత్రిళ్ళు మేలుకొన్నారు. తండ్రి మనసు కరిగి ఒకనాడు ఇరుగుపొరుగు వారి ముందు, తన తరువాత ఈ ఇల్లు చిన్నవాడికే అని నోటిమాటగా చెప్పాడు. తరువాత అల్లాహ్ పిలుపు వచ్చింది.

నలభై రోజులు గడవకముందే వివాదం మొదలైంది. నాన్నగారి మాట ఉందని చిన్న కుమారుడు అన్నాడు. వారసునికి వసీయత్ చెల్లదు గదా, అల్లాహ్ నిర్ణయించిన వాటా మాకివ్వమని అన్నలు అన్నారు. ఆడబిడ్డ మధ్యలో మౌనంగా ఉండిపోయింది. ఇప్పుడు ఆ అన్నదమ్ములు ఈద్ నమాజుకు ఒకే ఈద్‌గాహ్‌కు వస్తారు. కాని ఒకరినొకరు ఆలింగనం చేసుకోరు.

ఎవరిది తప్పు? అన్నల మాట శాసన రీత్యా సరైనదే. హక్కు గల ప్రతి ఒక్కరికీ అల్లాహ్ హక్కు ఇచ్చివేశాడు గనుక వారసునికి వసీయత్ లేదని దైవప్రవక్త (స) ప్రకటించారు. ఇతర వారసులు తండ్రి మరణానంతరం మనస్ఫూర్తిగా సమ్మతిస్తే తప్ప ఆ మాట చెల్లదు. కాని చిన్న కుమారుని బాధ కూడా అబద్ధం కాదు. ఆరేళ్ళ సంపాదన పోయింది. మందులకు పెట్టిన సొమ్ము దానమో, అప్పో ఎవరూ తేల్చలేదు. ఆరేళ్ళ క్రితం ఒక్క సాయంకాలం అందరూ కూర్చొని మాట్లాడుకోవలసిన మాటను ఎవరూ మాట్లాడలేదు. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

అందుకే నేడు మేము చెప్పదలచినది ఒకే మాట: వాటా వేరు, సేవ వేరు. వాటాను అల్లాహ్ నిర్ణయించాడు. దానిని మనం మార్చరాదు. సేవను, దాని ఖర్చును మనం నిర్ణయించుకోవాలి. దానిని మాటవరుసకు వదిలివేయరాదు. రెండింటినీ కలిపివేసిన ఇంట్లో ఆస్తీ నిలవదు, బంధుత్వమూ నిలవదు.

వాటాల క్రమం

మరణించిన వ్యక్తి ఆస్తి విషయంలో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదట కఫన్, దఫన్ ఖర్చులు. రెండవది అప్పులు. మూడవది వసీయత్. నాలుగవది వారసుల వాటాలు. అన్నిసా సూరాలోని 11, 12 ఆయతులు వాటాలను వివరిస్తూ, ఇవన్నీ వసీయత్, అప్పు తీర్చిన తరువాతనేనని పదే పదే గుర్తుచేస్తున్నాయి.

అప్పు అనగానే బ్యాంకు రుణం, చేబదులు మాత్రమే మనకు గుర్తుకువస్తాయి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. నికాహ్‌నామాలో వ్రాసి, జీవితమంతా చెల్లించకుండా, జనాజా దగ్గర ఆమె చేత మాఫ్ చేయించే దురాచారం మనలో ఉన్నది. కన్నీటిలో మునిగిన స్త్రీ చేత పదిమంది ముందు చెప్పించే ఆ మాట క్షమాపణ ఎలా అవుతుంది? అప్పు గల వ్యక్తి జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించక ఆగిపోయారనీ, హజ్రత్ అబూ ఖతాదా (ర) ఆ అప్పు బాధ్యత తీసుకున్న తరువాతనే నమాజు చేయించారనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక వ్యక్తి 50 లక్షల రూపాయల ఆస్తి వదలి మరణించాడు. అతని తల్లిదండ్రులు ముందే మరణించారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. మరొక కుమారుడు అంతకు ముందే చనిపోగా అతని పిల్లలు అనాథలుగా ఉన్నారు. అంత్యక్రియలు, అప్పులు, మహర్ కలిసి 2 లక్షలు పోగా 48 లక్షలు మిగిలాయి. అందులో మూడో వంతు, అంటే 16 లక్షల వరకు వసీయత్ చేసే హక్కు అతనికి ఉన్నది. అతడు అనాథ మనుమల పేర 8 లక్షలు వసీయత్ చేసి ఉన్నాడనుకుందాము. మిగిలిన 40 లక్షలలో భార్యకు ఎనిమిదో వంతు 5 లక్షలు. మిగతా 35 లక్షలలో కుమారులకు 14 లక్షల చొప్పున, కుమార్తెకు 7 లక్షలు.

ఆ వసీయత్ లేకపోతే ఏమి జరిగేది? తాతకు ఇతర కుమారులు బ్రతికి ఉన్నందువల్ల ఆ అనాథ మనుమలకు వారసత్వ వాటా రాదు. చాలామంది దీనిని చూసి షరీఅత్ కఠినమని అపార్థం చేసుకుంటారు. కాని అల్లాహ్ మూడో వంతు తలుపు తెరిచి ఉంచింది ఇటువంటి వారి కోసమే గదా! ఆ తలుపు తీయకుండా పడుకున్న తాతను అడగాలి గాని, శాసనాన్ని నిందించరాదు. మనుమలు, సేవ చేసిన కోడలు, పేద బంధువు, మస్జిదు, మద్రసా, పేదల వైద్యం, వీటన్నిటికీ ఆ మూడో వంతులో చోటు ఉన్నది.

అయితే దానికి హద్దు కూడా ఉన్నది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) మక్కాలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు, తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానమిస్తానన్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగం అన్నా వద్దన్నారు. మూడో వంతుకు సమ్మతిస్తూ అది కూడా ఎక్కువేనని చెప్పి, వారసులను జనం ముందు చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారుగా వదలడం మేలని బోధించారు. కుటుంబ ఆస్తిని కాపాడుకోవడం ప్రాపంచిక వ్యామోహం కాదనీ, అది కూడా ధర్మమేననీ ఈ హదీసు మనకు నేర్పుతున్నది.

మన ఇళ్ళలోని పొరపాట్లు

ఒకటి, ఆడబిడ్డల వాటా. పెళ్ళికి ఖర్చు పెట్టాముగా అని చెప్పి అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల పత్రాలపై సంతకాలు పెట్టించుకుంటున్నారు. పెళ్ళి ఖర్చు తండ్రి తన జీవితంలో చేసినది. వాటా అతని మరణంతో పుట్టే హక్కు. ఒకటి మరొకదానికి బదులు కాదు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో పెట్టిన సంతకం ఇక్కడి కార్యాలయంలో చెల్లవచ్చు, పరలోకంలో చెల్లదు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ నేల పరాయివానిదైనా, సొంత చెల్లెలిదైనా భారం ఒక్కటే.

రెండు, నామినీ. బ్యాంకు డిపాజిటులో నామినీగా ఒక కుమారుని పేరు ఉంటే ఆ సొమ్ము అతనిదే అయిపోతుందని కొందరు భావిస్తున్నారు. అది అటు షరీఅత్ ప్రకారమూ కాదు, ఇటు దేశ చట్టం ప్రకారమూ కాదు. నామినీ ఆ సొమ్మును బ్యాంకు నుండి అందుకొనే అమానతుదారు మాత్రమే. దానిని వారసులందరికీ పంచవలసిన బాధ్యత అతనిపై ఉన్నది.

మూడు, గల్ఫ్ సొమ్ము. కడప, రాయచోటి నుండి నిజామాబాద్, కరీంనగర్ వరకు ఎన్నో కుటుంబాలలో కుమారుడు ఎడారిలో చెమటోడ్చి పంపిన సొమ్ముతో తండ్రి పేర ఇల్లు లేచింది. తండ్రి మరణించిన రోజున అది తండ్రి ఆస్తిగా పంపకానికి వస్తుంది. కుమారుడు ఆ సొమ్ము తండ్రికి బహుమతిగా పంపాడా, అప్పుగా పంపాడా, తన కోసం ఇల్లు కట్టమని అప్పగించాడా? పంపిన రోజునే నాలుగు ముక్కలు కాగితం మీద వ్రాసుకుంటే తగవు ఉండదు. అప్పు లావాదేవీని వ్రాసుకోవాలని ఆదేశించే అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు. ఇంత వివరంగా అల్లాహ్ ఆదేశించిన తరువాత కూడా, సొంతవాళ్ళ మధ్య వ్రాతలేమిటని సిగ్గుపడుతున్నాము.

జీవించి ఉండగా ఇచ్చే హిబా

సోదరులారా! జీవించి ఉండగా తన ఆస్తిని ఇతరులకు ఇచ్చే హక్కు మనిషికి ఉన్నది. దీనినే హిబా అంటాము. ఇస్తున్నానని ప్రకటించడం, ఎదుటివారు స్వీకరించడం, ఆస్తిని వాస్తవంగా స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగితేనే హిబా పూర్తవుతుంది. అయితే సంతానానికి ఇచ్చేటప్పుడు న్యాయం తప్పరాదు. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (ర) బాలుడిగా ఉన్నప్పుడు ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, తల్లి కోరిక మేరకు దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని అడిగారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) ప్రశ్నించారు. లేదని తెలియగానే, అన్యాయానికి సాక్షిగా ఉండనని నిరాకరించి, సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. ఏ పత్రం వ్రాయించబోయినా ఆ ప్రశ్నను మనం కూడా మనకు వేసుకోవాలి.

మరొక హెచ్చరిక. ప్రేమతోనో, ఒత్తిడికి లోనయ్యో ఉన్న ఒక్క ఇంటినీ పిల్లలకు హిబా చేసి, వృద్ధాప్యంలో ఆ ఇంట్లోనే అతిథుల వలె, నెలకొక ఇంటికి మూట కట్టుకొని తిరిగే తల్లిదండ్రులను మనం చూస్తున్నాము. మీ ఆస్తిపై మొదటి హక్కు మీ సొంత అవసరాలదే. మీ వైద్యం, మీ భార్య నివాసం, మీ ఆఖరి రోజుల సంరక్షణకు కావలసినది మీ చేతిలోనే ఉంచుకోండి. ఇలా చేయడం పిల్లల పట్ల అపనమ్మకం కాదు. వారిని పాపం నుండి కాపాడటం.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో 60 ఏళ్ళు దాటిన వ్యక్తి ఆస్తి ఇచ్చిన తరువాత, పుచ్చుకున్నవారు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. మన రెండు రాష్ట్రాలలో ఆర్డీఓ ఆధ్వర్యంలో ఈ ట్రిబ్యునళ్ళు పనిచేస్తాయి. ఆ షరతు పత్రంలో స్పష్టంగా వ్రాసి ఉండటం ఎంతో ముఖ్యం. అయితే హిబాకు పెట్టే షరతుల విషయంలో ఫిఖ్హ్‌లో సూక్ష్మాంశాలు ఉన్నాయి గనుక సంతకానికి ముందు ఒక ఆలిమ్‌ను, ఒక న్యాయవాదిని, ఇద్దరినీ సంప్రదించండి.

వృద్ధాప్యం, సేవ

ఇక సేవ విషయానికి వద్దాము. బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వారు ముసలివారై మన దగ్గర ఉన్నప్పుడు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనవద్దన్నాడు. ఈ ఆదేశంలో వృద్ధాప్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించడంలో గొప్ప వివేకం ఉన్నది. జ్ఞాపకశక్తి పోయి ఒకే ప్రశ్న పదిసార్లు అడిగే తండ్రి దగ్గర, పక్క తడిపిన తల్లి దగ్గర, ఆ ‘ఉఫ్’ మన నోటి చివరి దాకా వస్తుంది. పరీక్ష అక్కడే ఉన్నది.

కొండ గుహలో చిక్కుకుపోయిన ముగ్గురి వృత్తాంతం మీకు తెలుసు. వారిలో ఒకడు వృద్ధ తల్లిదండ్రుల కోసం పాలు తెచ్చి, వారు నిద్రపోవడం చూసి, లేపడం ఇష్టంలేక తెల్లవారేదాకా పాత్ర చేతబట్టుకొని నిలబడ్డాడు. అతని ఆ పనిని బట్టి అల్లాహ్ బండను కొంత తొలగించాడు. ఆస్తి కోసం చేసిన సేవ కాదది. సేవకు అసలు ప్రతిఫలం ఇంటి పత్రం కాదు, స్వర్గం.

అయితే సేవ చేసేవారి భారాన్ని మిగతావారు పట్టించుకోకపోవడం కూడా అన్యాయమే. తల్లిదండ్రులకు సొంత సొమ్ము ఉంటే వారి వైద్యం ముందుగా అందులో నుండే జరగాలి. లేకపోతే స్తోమత గల సంతానమంతా భరించాలి. దగ్గర ఉన్నవాడు శరీరంతో సేవ చేస్తే, దూరాన ఉన్నవారు సొమ్ముతో సేవ చేయాలి. ఒకరు ఉపాధి వదులుకొని సేవ చేయవలసి వస్తే, తండ్రి తన జీవితకాలంలోనే అందరికీ తెలిసేలా అతని జీవనానికి తగిన ఏర్పాటు చేయవచ్చు. లేదా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి నెలనెలా ఇవ్వవచ్చు. చికిత్సకు ఒకరు అప్పుగా పెట్టిన సొమ్ము ఉంటే, ఆ విషయం వ్రాసి ఉంటే, పంపకానికి ముందే అది తీరుతుంది. ఈ పని చేసి ఉంటే మనం చెప్పుకున్న ఆ ఇంట్లో నేడు ఈద్ ఈద్‌లాగే ఉండేది.

ఇంకొక ఆచరణాత్మక విషయం. తండ్రి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండవద్దు. ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే సాధారణంగా అది చెల్లకుండా పోతుంది. అప్పుడు వైద్యానికి ఆయన సొమ్మే ఆయనకు అందక, సంరక్షకుని నియామకం కోసం న్యాయస్థానానికి వెళ్ళవలసి వస్తుంది. కనుక బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే వైద్య ఖర్చుల కోసం జాయింటు ఖాతా వంటి ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఖాతాలో పేరున్న కుమారుడు అది తన సొమ్ము కాదనీ, తండ్రి అమానతనీ గుర్తుంచుకోవాలి.

ఈ మాటలు చెప్పి, మా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్ క్షమాభిక్షను కోరుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కృపాశీలి.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! వసీయత్ చేయదగిన వస్తువు ఏదైనా ఉన్న ముస్లిం దానిని వ్రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) దానిని విన్న నాటి నుండి తన దగ్గర వసీయత్ లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేదని చెప్పుకున్నారు. మనమెన్ని రాత్రులు గడిపాము?

ఈ వారంలోనే ఒక కాగితం తీసుకొని కూర్చోండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నదో, ఎవరి నుండి ఎంత రావాలో, భార్య మహర్ చెల్లించారో లేదో, ఎవరి అమానతు మీ దగ్గర ఉన్నదో, చెల్లించవలసిన జకాత్ ఏమైనా మిగిలి ఉన్నదో వ్రాయండి. ఇల్లు, పొలం, ఖాతాల వివరాలు, పాసుపుస్తకాలు ఎక్కడున్నాయో వ్రాయండి. మూడో వంతులో ఎవరికేమి ఇవ్వదలచారో వ్రాయండి. నమ్మకస్తులైన ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించండి. ముస్లిం వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరు చేయిస్తే రేపటి వివాదానికి అవకాశం తగ్గుతుంది.

తరువాత పిల్లలందరినీ, కుమార్తెలతో సహా, ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. చావు మాట ఎత్తితే చావు వస్తుందని భయపడవద్దు. అది ఎత్తకపోయినా వస్తుంది. మనం మాట్లాడకుండా వెళ్ళిపోతే, మన తరువాత మన పిల్లలు న్యాయస్థానంలో మాట్లాడుకుంటారు.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా సోదరి వాటా ఆగి ఉంటే, తల్లి మహర్ ఆగి ఉంటే, ఎంతకాలమైనా సరే అది అప్పుగానే ఉంటుంది. నేడు ఈ నమాజు తరువాత ఆమెకు ఫోను చేయండి. ఆమె అడగలేదనే మాట మనకు సాకు కాదు.

ఓ అల్లాహ్! మా సంపాదనను ధర్మసమ్మతం చెయ్యి. మా వృద్ధ తల్లిదండ్రులపై కరుణ చూపు. మాలో ఎవరి తల్లిదండ్రులు నీ సన్నిధికి చేరారో వారిని క్షమించు. మంచాన పడిన వారికి స్వస్థతను, వారి సేవలో ఉన్న వారికి సహనాన్ని, గొప్ప ప్రతిఫలాన్ని ప్రసాదించు. మా మధ్య తెగిన బంధుత్వాలను కలుపు. ఇతరుల హక్కు మా మెడపై ఉండగా మాకు మరణమివ్వకు. అమానతును సవ్యంగా అప్పగించి నీ సన్నిధికి చేరే భాగ్యం మా అందరికీ ప్రసాదించు. ఆమీన్.